వ్యసన వైద్యంలో నర్సుకు ఏం తెలియాలి? సూరత్ నేపథ్యంలో ఒక సమీక్ష

కాలు విరిగి ఎముకల వార్డులో చేరిన మనిషి మూడో రాత్రి దుప్పటి మీద లేని పురుగుల్ని ఏరడం మొదలుపెడతాడు. చేతులు వణుకుతుంటాయి, ఒళ్లంతా చెమట, ఎవరో పిలుస్తున్నారని మాటిమాటికీ తలుపు వైపు చూస్తుంటాడు. పక్క మంచం వాళ్లు గాలి సోకిందంటారు. కేస్ షీటులో మద్యం అలవాటు అన్నచోట ‘లేదు’ అని రాసి ఉంటుంది. ఏ సర్కారు ఆస్పత్రిలోనైనా కనిపించే దృశ్యమే ఇది. కాకపోతే గుజరాత్‌లో తాగడమే నేరం కాబట్టి ఆ ‘లేదు’ అనే మాట అక్కడ మరింత సులువుగా నోటికొస్తుంది. ఆ వేళకు మంచం పక్కన ఉండేది రాత్రి డ్యూటీ నర్సు.

ఆమెకు ఏం తెలిసి ఉండాలన్న దాని మీద డెబ్బై ఏళ్లుగా వాదం నడుస్తోంది. ఒంట్లోకి పోయిన పదార్థం ఏం చేస్తుందో, అది ఆగితే ఏమవుతుందో తెలియాలని ఒక పక్షం అంటుంది. అలవాటు ఎలా మారుతుందో, ఆ మార్పుకు నర్సు మాట ఎలా తోడవుతుందో తెలియాలని రెండో పక్షం. తాగించే బతుకును చూడకుండా ఈ రెండు చదువులూ ఎంత చదివినా ప్రయోజనం లేదనేది మూడో పక్షం. ఈ మూడింటినీ సూరత్‌లో నిలబెట్టి చూస్తే వాటి బలమూ, లోటూ స్పష్టంగా కనబడతాయి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి వెళ్లిన పద్మశాలీలు ఆ ఊరి పవర్‌లూమ్‌లలో తరాలుగా పనిచేస్తున్నారు. లింబాయత్ లాంటి పేటల్లో తెలుగు రోజంతా వినిపిస్తుంది, నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతుంది. న్యూ సివిల్ ఆస్పత్రి, స్మిమేర్ అనే రెండు పెద్ద ప్రభుత్వ బోధనాస్పత్రులున్న నగరమది. 1960లో రాష్ట్రం ఏర్పడిన నాటి నుంచీ మద్యనిషేధం ఉన్న గడ్డ.

పాపం నుంచి జబ్బు దాకా

తాగుడును జబ్బుగా చూడాలన్న మాట కొత్తదేమీ కాదు. అమెరికాలో బెంజమిన్ రష్ 1784లోనే రాశాడు, బ్రిటన్‌లో థామస్ ట్రాటర్ 1804లో రాశాడు. అయినా లోకం దాన్ని గుణదోషంగానే చూస్తూ వచ్చింది. 1935లో ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టింది. 1956లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ మద్యపాన వ్యసనాన్ని జబ్బుగా గుర్తించింది. 1997లో ఆలన్ లెష్నర్ ‘సైన్స్’ పత్రికలో వ్యసనం మెదడు జబ్బు అని సూటిగా ప్రకటించాక ఔషధ పరిశోధనకు ఊపు వచ్చింది, దాంతోపాటే ఎదురువాదమూ లేచింది. జీన్ హేమన్ 2009లో దీన్ని ఎంపికకు సంబంధించిన రుగ్మత అన్నాడు. చాలామంది ఏ చికిత్సా లేకుండానే ఒక వయసు తర్వాత మానేస్తున్నారన్నది అతని ప్రధానమైన ఆధారం.

నర్సింగ్‌లో ఈ చర్చ ఇంకో దారిన వచ్చింది. 1952లో హిల్డెగార్డ్ పెప్లౌ నర్సుకూ రోగికీ మధ్య ఏర్పడే సంబంధమే చికిత్సలో భాగమని సిద్ధాంతీకరించింది. 1975లో అమెరికాలో వ్యసన నర్సుల సంఘం ఏర్పడింది. 1978లో లండన్‌లో షా, కార్ట్‌రైట్ బృందం చేసిన అధ్యయనం నాకు వీటన్నిటికంటే ముఖ్యమైనదిగా తోస్తుంది. తాగే రోగులతో పనిచేయడానికి వైద్య సిబ్బంది ఎందుకు వెనకాడుతున్నారని వాళ్లు అడిగారు. తెలివిడి చాలకపోవడం ఒక్కటే కారణంగా తేలలేదు. ‘ఇది నా పనేనా?’ అన్న అనుమానం, చిక్కు వస్తే వెనక నిలబడేవాళ్లు లేరన్న బెంగ కూడా అంతే బలంగా ఉన్నాయి. నర్సులకు ఏటా జరిపే శిక్షణ తరగతులు ఎందుకు వార్డు దాకా రావో అర్థం చేసుకోవడానికి ఈ పరిశీలన ఇప్పటికీ పనికొస్తుంది.

మొదటి పక్షం: పదార్థం తెలియాలి

ఈ పక్షానికి గట్టి బలం మద్యం విత్‌డ్రాయల్. రోజూ తాగే మనిషి మెదడు మద్యం పెట్టే బ్రేకుకు అలవాటుపడి, తన వేగాన్ని పెంచుకుని ఉంటుంది. మద్యం హఠాత్తుగా ఆగితే బ్రేకు పోయి వేగం మిగులుతుంది. మొదటి రోజు లోపే వణుకు, నిద్రలేమి. ఆరు నుంచి 48 గంటల మధ్య ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులు గడిచాక కొందరిలో మతి చలించే డెలీరియం ట్రెమెన్స్ వస్తుంది. చికిత్స అందకపోతే ప్రాణాలు తీసే స్థితి అది. మొదట్లో చెప్పిన మనిషికి ‘మూడో రాత్రి’ అలా కావడానికి కారణం ఈ లెక్కే.

దీన్ని కొలవడానికి 1989 నుంచి వాడుకలో ఉన్నది సీవా అనే పది అంశాల కొలమానం, గరిష్ఠంగా 67 మార్కులు. 1994లో సైట్జ్ బృందం ఒక పోలిక చేసింది. కొందరికి గంటల ప్రకారం మందు ఇచ్చారు, మిగతావారికి నర్సు ఈ కొలమానంతో చూసి లక్షణాలు ఉంటేనే ఇచ్చింది. మొదటి పద్ధతిలో చికిత్స మీడియన్ లెక్కన 68 గంటలు సాగితే రెండో పద్ధతిలో 9 గంటల్లో ముగిసింది, మందు కూడా నాలుగో వంతే పట్టింది. ఎంత మందు పడాలన్నది నర్సు కన్నూ చెవీ నిర్ణయించిన పద్ధతి అది.

థయమిన్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. తిండి తగ్గి తాగుడు పెరిగిన ఒంట్లో విటమిన్ బి1 అడుగంటి ఉంటుంది. ఆ స్థితిలో ఉత్త గ్లూకోజ్ సెలైన్ ఎక్కిస్తే మిగిలింది కూడా ఖర్చై మెదడు దెబ్బతినవచ్చని పాత పాఠం: ముందు థయమిన్, తర్వాత గ్లూకోజ్. చక్కెర ప్రమాదకరంగా పడిపోయినప్పుడు గ్లూకోజ్‌ను ఆపవద్దని, రెండూ కలిపి ఇవ్వాలని ఇప్పటి సవరణ. పాత పాఠం మాత్రమే గుర్తున్న నర్సు ఆ రోగికి హాని చేయగలదు.

తెలుగు రోగుల విషయంలో ఒక సంగతి మాత్రం సూరత్ వార్డుల్లో ప్రత్యేకంగా తెలియాలి. తెలంగాణ ఊళ్లలో ‘కల్లు తాగుతా’ అనే మాటకు అర్థం చెట్టు కల్లు కాకపోవచ్చు. క్లోరల్ హైడ్రేట్, జనం డైజోఫాం అని పిలిచే డయాజెపామ్, అల్ప్రాజోలం కలిపిన కల్తీ కల్లు దశాబ్దాలుగా అమ్ముడవుతోంది. 2015లో ప్రభుత్వం దాడులు పెంచగానే నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జనం మెడలు వంకర్లు పోతూ, ఫిట్స్‌తో, పిచ్చిచూపులతో ఆస్పత్రులకు వచ్చారు. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడ్డప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ముందు వరసలు కట్టారు. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో ఈ కల్లే ప్రాణాలు తీసింది. ఈ మందుల విత్‌డ్రాయల్ మద్యం గడియారాన్ని పాటించదు. అల్ప్రాజోలం అయితే ఒకటి రెండు రోజుల్లో బయటపడుతుంది. డయాజెపామ్ ఒంట్లోంచి నెమ్మదిగా దిగుతుంది కాబట్టి వారం గడిచాక కూడా ఫిట్స్ రావచ్చు. ఊళ్లో కల్లు తాగి రైలెక్కి, కల్లు దొరకని సూరత్‌లో దిగిన మనిషిని ‘మద్యం తాగుతావా’ అని అడిగితే ‘లేదు’ అంటాడు. అతని లెక్కలో అది అబద్ధం కూడా కాదు.

కల్తీ సారాలో కలిసే మెథనాల్‌కు ఇంకో లెక్క ఉంది. 2009లో అహ్మదాబాద్‌లో వందమందికి పైగా, 2022 జులైలో బోటాద్ ప్రాంతంలో నలభైమందికి పైగా కల్తీ సారాకు బలయ్యారు. 2016 సెప్టెంబరులో సూరత్ జిల్లా వరేలిలోనూ ఇలాంటి మరణాలే సంభవించాయి. మెథనాల్ తాగిన వెంటనే మామూలు మత్తులాగే ఉంటుంది. కాలేయం దాన్ని ఫార్మిక్ ఆమ్లంగా మార్చేసరికి గంటలు గడుస్తాయి. అప్పుడు ‘కళ్ల ముందు తెల్లగా మంచు పరిచినట్టుంది’ అని రోగి చెప్పే మాట, ఆయాసంతో కూడిన ఊపిరి ఈ రెంటినీ జతచేసి చూడగలిగిన నర్సు డయాలసిస్‌కు కొన్ని విలువైన గంటలు మిగులుస్తుంది.

సూరత్‌లో అన్నిటికంటే ఎక్కువమంది నోట్లో ఉండేది మాత్రం మద్యం కాదు, పొగాకు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం గుజరాత్ పురుషుల్లో మద్యం తాగుతామన్నవారు 5.8 శాతం, పొగాకు వాడేవారు 41.1 శాతం. తెలంగాణలో మద్యం 43.3, పొగాకు 22.3. లెక్క దాదాపు తిరగబడింది. నిషేధం ఉన్నచోట సర్వే మనిషికి నిజం చెప్పేవారెందరన్న సందేహాన్ని లెక్కలోకి తీసుకున్నా పొగాకు సంఖ్య చిన్నదైపోదు. పోకచెక్క తరుగు, పొగాకు, సున్నం ఒక ప్లాస్టిక్ ముక్కలో వేసి అరచేతుల మధ్య మెదిపితే మావా తయారు. సాంచెలు అనే పవర్‌లూమ్‌ల దగ్గర నూలు ధూళిలో బీడీ ముట్టించడం ప్రమాదం, నోట్లో పెట్టుకునేదానికి ఆ అడ్డు లేదు. పోకచెక్కనే విడిగా క్యాన్సర్ కారకంగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో నిర్ధారించింది. నోరు తెరవమని రోగి మూడు వేళ్లు నిలువుగా పట్టించి చూసినప్పుడు పట్టకపోతే లోపలి చర్మం బిగుసుకుపోతోందని అనుమానించాలి. జ్వరం చూసినంత తేలికైన పరీక్ష ఇది. ఆపరేషన్ కోసం చేరిన మనిషి రెండో రోజు కారణం లేకుండా విసుక్కుంటుంటే అది నికోటిన్ ఆగిన చిరాకు కావచ్చు.

రెండో పక్షం: మార్పు తెలియాలి

ఇంత తెలిసినా రోగి ఇంటికెళ్లి మళ్లీ తాగుతాడు, విత్‌డ్రాయల్ దాటించడం చికిత్సకు గడప మాత్రమే అంటుంది రెండో పక్షం. 1983లో ప్రొచాస్కా, డిక్లెమెంటే మార్పుకు దశలున్నాయన్నారు, తర్వాత స్థిరపడ్డ జాబితా ఇది: ఆలోచనే లేని దశ, తర్జనభర్జన, సిద్ధపాటు, ఆచరణ, నిలకడ. నర్సింగ్ పాఠ్యపుస్తకాలు దీన్ని చాలా ఇష్టంగా తీసుకున్నాయి, గీత గీసి చూపించడానికి వీలుగా ఉంటుంది. 2005లో రాబర్ట్ వెస్ట్ దీని మీద గట్టి దాడి చేశాడు. దశల మధ్య గీతలు ఊహించి గీసినవేననీ, ఏ సిద్ధపాటూ లేకుండా ఒక్క రోజులో మానేసేవాళ్లు చాలామంది ఉన్నారనీ అతని వాదన. వార్డులో దీనివల్ల జరిగే నష్టం ఒకటుంది. ‘ఇతను ఇంకా ఆలోచనే లేని దశలో ఉన్నాడు’ అని రాసేసి మాట్లాడటం మానేయడానికి ఆ దశ ఒక సాకు అవుతుంది.

విలియం మిల్లర్ 1983లో మొదలుపెట్టి, రోల్‌నిక్‌తో కలిసి 1991లో పుస్తకంగా తెచ్చిన ప్రేరణ సంభాషణ పద్ధతి ఇంతకంటే గట్టిగా నిలిచింది. దాని సారం: మానమని మీరు వాదిస్తే, మానను అనే పక్షాన్ని రోగి వాదిస్తాడు. కాబట్టి మానడానికి కారణాలు అతని నోటి నుంచే రావాలి. నర్సులకు ఇందులో కష్టమైనది సరిదిద్దాలన్న తొందరను ఆపుకోవడం. తప్పు చూస్తే సరిచేయమనే వాళ్ల చదువంతా నేర్పింది.

ఫలితాల మాటేమిటి? 1997లో వెలువడ్డ ప్రాజెక్ట్ మ్యాచ్‌లో 1,726 మందిని మూడు రకాల మాటల చికిత్సలకు పంచితే మూడూ ఇంచుమించు ఒకే ఫలితం ఇచ్చాయి. 2013లో ఇంగ్లండ్ ప్రాథమిక వైద్య కేంద్రాల్లో జరిపిన సిప్స్ అధ్యయనంలో ఇరవై నిమిషాల కౌన్సెలింగ్, ఐదు నిమిషాల సలహా, ఉత్త కరపత్రంతో పాటు చెప్పిన ఒక్క మాట దాదాపు సమానంగా తేలాయి. రెండో పక్షాన్ని ఇబ్బంది పెట్టే సంఖ్యలివి. మన దేశంలో గోవా నుంచి మాత్రం ఆశ కలిగించే ఫలితం వచ్చింది. 2017లో ‘లాన్సెట్’లో అచ్చయిన ఆ పరీక్షలో 377 మంది మగవాళ్లున్నారు. వైద్య చదువు లేని స్థానిక కౌన్సెలర్లు కొద్ది విడతల మాటలతో పనిచేస్తే, మూడు నెలలు గడిచాక, అంతకుముందు రెండు వారాల్లో మద్యం ముట్టనివాళ్లు 42 శాతం, మామూలు వైద్యం పొందినవాళ్లలో 18 శాతం. రోగి భాషలో, రోగి పేటలో పెరిగినవాళ్లు చేయగలిగిన పని ఇదని ఆ పరీక్ష చూపించింది.

మూడో పక్షం: బతుకు తెలియాలి

వియత్నాం యుద్ధంలో హెరాయిన్‌కు బానిసలైన అమెరికన్ సైనికులను లీ రాబిన్స్ వెంటబడి పరిశీలించింది. ఇంటికొచ్చిన మొదటి ఏడాదిలో తిరిగి బానిసలైనవాళ్లు ఐదు శాతం దగ్గరే ఆగారు. పదార్థం అదే, మనిషి అతనే, చుట్టూ ఉన్న బతుకు మారింది. చుట్టూ బతుకు బాగుంటే ఎలుకలు మత్తును తక్కువగా కోరాయని చెప్పిన, బ్రూస్ అలెగ్జాండర్ 1970ల చివర్లో చేసిన ఎలుకల ఉద్యానం ప్రయోగం కూడా ఈ వాదానికి ఇష్టమైనదే. తర్వాత చేసినవాళ్లందరికీ అదే ఫలితం రాలేదు కాబట్టి దాని మీద ఎక్కువ బరువు పెట్టకూడదు.

సూరత్ సాంచెల మీద పన్నెండు గంటల షిఫ్టు, వారానికోసారి పగలు రాత్రి మారే డ్యూటీ, చెవులు దద్దరిల్లే చప్పుడు, ఊళ్లో కుటుంబం. ఈ చిత్రం ముందు పెట్టుకుంటే మూడో పక్షం వాదన బలంగానే వినిపిస్తుంది. అయితే పరిస్థితిని చట్టంతో మార్చాలన్న ప్రయత్నాలు రెండంచుల కత్తిగా తేలాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్లు లేచి సారా వ్యతిరేక ఉద్యమం నడిపారు. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చాయి, 1997లో సంపూర్ణ నిషేధం సడలిపోయింది. ఆ ఉద్యమంలో ఉన్న న్యాయాన్ని ఎవరూ కాదనలేరు. కానీ దుకాణం మూసిన మర్నాడు వణికే చేతులకు ఏం చేయాలన్నది ఆ చర్చలో మధ్యకు రాలేదు. 2020 జులైలో ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయినప్పుడు అదే ప్రశ్న మళ్లీ ఎదురైంది.

గుజరాత్ నిషేధం తాగేవారి సంఖ్యను తగ్గించిందని సర్వే అంకెలు సూచిస్తాయి, ఆ మేలును తీసిపారేయలేం. దాని ధర వార్డులో కనిపిస్తుంది. తాగానని చెబితే పోలీసు కేసు అవుతుందని భయపడే రోగి ఏ ప్రశ్నకూ నిజం చెప్పడు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వల్ల వచ్చే మానసిక స్థితులను తన పరిధిలోకి తెచ్చి, రోగి విషయాలు గోప్యంగా ఉంచాలంది. ఆ హామీని రోగికి ముందుగా, అతనికి అర్థమయ్యే మాటల్లో చెప్పడం కూడా నర్సు పనే.

పక్కపక్కన పెడితే

మొదటి పక్షం చేతిలో గంటల్లో తేలే ఫలితం ఉంది: ఫిట్స్ ఆగాయా లేదా, ప్రాణం నిలిచిందా లేదా. అందుకే ఆస్పత్రులకు అది నచ్చుతుంది. దాని చూపు డిశ్చార్జి చీటీ దగ్గర ఆగిపోతుంది. రెండో పక్షం చూపు నెలల మీద ఉంటుంది, దాని అధ్యయనాలు మాత్రం ఒకదానితో ఒకటి పొసగవు. మూడో పక్షం చెప్పేది లోతైనది, అయితే రాత్రి రెండు గంటలకు మంచం పక్కన నిలబడ్డ మనిషికి అది ఏ పనీ అప్పగించదు.

ఈ మూడింటినీ వేర్వేరు చదువులుగా బోధించడం వల్లే చిక్కు పెరిగిందని నా అభిప్రాయం. సీవా కొలమానాన్ని దగ్గరగా చూడండి. పది అంశాల్లో వణుకు, చెమట, కుదురులేనితనం ఈ మూడింటినీ కంటితో చూసి మార్కులు వేయొచ్చు. మిగతా ఏడింటికీ ఏదో మేరకు రోగి నోటి మాట కావాలి. చర్మం మీద చీమలు పాకుతున్నట్టుందా, చప్పుళ్లు భయపెడుతున్నాయా, వెలుతురు కళ్లలో గుచ్చుకుంటోందా, ఇవాళ తేదీ ఎంత? నర్సు గుజరాతీలోనో హిందీలోనో అడిగితే, సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన మనిషి అర్థం కాక తల ఊపితే, ఆ తల ఊపుడుకు ఎన్ని మార్కులు? పదార్థపు చదువు అనుకున్నది కాస్తా సంభాషణ చదువుగా మారిపోతుంది.

దీనికి తిరగేసినదీ నిజమే. ‘తాగుతవా?’ అంటే ‘లేదు సిస్టర్’ అన్న చోట మాట ముగుస్తుంది. అదే ఇలా సాగిందనుకుందాం.

‘సాంచెల మీద పన్నెండు గంటలు నిలబడ్డంక ఒళ్లు నొప్పులకు ఏం జేస్తరన్నా? కొందరు మందు తాగుతరు, కొందరు గోలీలేస్కుంటరు.’

‘ఎప్పుడన్న ఒక పోట్లీ, అంతే.’

‘ఎప్పుడన్న ఒకటి. తాగని దినం పొద్దుగాల చేతులెట్లుంటయి?’

‘జర వణుకుతయి.’

అడిగిన తీరు రెండో పక్షానిది, ప్లాస్టిక్ పొట్లంలో అమ్మే నాటు సారాను పోట్లీ అంటారని తెలియడం మూడో పక్షానిది, వణుకు గురించే ఎందుకు అడగాలో తెలియడం మొదటి పక్షానిది. నాలుగు మాటల్లో మూడూ ఉన్నాయి. ఈ సంభాషణ చేరిన రోజే జరిగితే మూడో రాత్రి పురుగుల్ని ఏరే అవసరం రోగికి రాకపోవచ్చు.

తేలని ప్రశ్నలు

మొదటిది నర్సుల వైఖరికి సంబంధించినది. వ్యసన రోగుల పట్ల వైద్య సిబ్బందిలో చిన్నచూపు ఉందనీ, అది చికిత్సను దెబ్బతీస్తోందనీ 2013లో వెలువడ్డ ఒక అంతర్జాతీయ సమీక్ష చెప్పింది. పదార్థం గురించి చెబితే ఈ చిన్నచూపు పోతుందా? మెదడు జబ్బు అన్న మాట నింద తగ్గిస్తుందని లెష్నర్ పక్షం, ‘ఇక ఇతను మారడు’ అన్న నిరాశను పెంచుతుందని ఎదుటి పక్షం. రెండు వైపులా ఆధారాలున్నాయి.

రెండోది ఎవరు చేయాలన్నది. గోవాలో సాధారణ కౌన్సెలర్లు చేయగలిగిన పనిని నర్సుల నెత్తిన పెట్టాలా, లింబాయత్‌లో పెరిగిన తెలుగు యువతీ యువకులకు నేర్పాలా? వార్డులో నర్సు ఒక్కో డ్యూటీలో చూసే మంచాల సంఖ్య తెలిసినవాళ్లెవరూ మొదటిదాన్ని తేలిగ్గా ప్రతిపాదించరు. విత్‌డ్రాయల్ కొలతను మాత్రం ఎవరికీ బదిలీ చేయలేం.

మూడోది అన్నిటికంటే పెద్దది. 2019లో ఎయిమ్స్ జాతీయ కేంద్రం వెలువరించిన సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది, 180 మందిలో ఒక్కరు ఆస్పత్రిలో చేరి చికిత్స పొందారు. అంటే వ్యసన నర్సింగ్ గురించిన ఈ వాదమంతా ఆ ఒక్కరి చుట్టూ తిరుగుతోంది. మిగతావాళ్లు ఎముకల వార్డుకు, కడుపునొప్పికి, పంటి డాక్టర్ దగ్గరికి వస్తూనే ఉన్నారు. వాళ్లను అక్కడే పట్టుకోవాలంటే వ్యసన నర్సు అనే ప్రత్యేక ఉద్యోగం పెంచడం మేలా, ప్రతి స్టాఫ్ నర్సుకూ కొంత నేర్పడం మేలా అన్నదానికి లండన్ బృందం 1978లో అడిగిన ప్రశ్నే ఇంకా అడ్డుగా ఉంది: ఇది నా పనేనా అని ఆమెకు అనిపించినప్పుడు, అవునని చెప్పి పక్కన నిలబడేది ఎవరు?

ఆ లోపు చేయగలిగింది ఒకటుంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ ఇరవై భాషల్లో మాట్లాడుతుంది, అందులో తెలుగు ఒకటి. డిశ్చార్జి చీటీ వెనక దాని నంబరు 14416 రాసి, ‘తెలుగులోనే మాట్లాడొచ్చన్నా’ అని చెప్పి చేతికివ్వడానికి ఏ చర్చా తేలేదాకా ఆగనక్కర్లేదు.